వాద్య సందేహాలు: పాత డ్రమ్ సెట్టును సాధనకు సిద్ధం చేసుకోవడం

ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు పాఠకుల నుంచి ఈసారి డ్రమ్స్ గురించి నాలుగు ఉత్తరాలు అందాయి. నాలుగూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల ఈ సంచికలో శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదయింది. మిగిలిన వాటికి కావలసిన పునాది అందులోనే ఉంది గనుక దానిని ముందుగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్లస్ టూ చదువుతున్న మా అబ్బాయికి డ్రమ్స్ నేర్చుకోవాలని రెండేళ్ళుగా కోరిక. కొత్త సెట్టు కొనే స్తోమత లేక, బరంపురంలో పెళ్ళిళ్ళకు వాయించే ఒక బ్యాండు వారు మూలన పడేసిన అయిదు డ్రముల సెట్టును 7,000 రూపాయలకు తీసుకున్నాను. ఇంటికి తెచ్చి చూస్తే రిమ్ములన్నీ (డ్రమ్ము మీది పొరను పట్టి ఉంచే లోహపు వలయాలు) తుప్పు పట్టి ఉన్నాయి. పెద్ద డ్రమ్ముకు కాలితో కొట్టే వైపు స్కిన్ (దెబ్బ పడే పొర) చిరిగితే ప్యాకింగ్ టేపు అంటించారు. స్నేర్ (అడుగున తీగల పట్టీ ఉండే డ్రమ్ము) కింద తీగలు సగం వంకరపోయాయి, చిన్న టామ్‌లో (తీగలు లేని డ్రమ్ము) ఒక బోల్టు పట్టడం లేదు, ఎర్రటి పైపొర ఒకచోట లేచిపోయింది. రంగు వేయించి, క్రోమ్ పూత పూయించి కొత్తదానిలా చేయించమని ఒకరు, అన్నీ అమ్మేసి ఎలక్ట్రానిక్ ప్యాడ్లు కొనమని మరొకరు సలహా ఇస్తున్నారు. ఇంకొక 6,000 వరకు ఖర్చు పెట్టగలను. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ దగ్గరున్న 6,000 రూపాయల్లో ఒక్క రూపాయి కూడా రంగుకో, క్రోమ్ పూతకో పెట్టకండి. సాధనకు వాడే సెట్టులో డబ్బు పెట్టవలసినవి వాయించేవాడి చేయి, కాలు, నడుము ఆనే చోట్లు, అంటే స్కిన్లు, పెడల్, స్టూలు. మిగిలినదంతా ఓపికతోనూ కాస్త నూనెతోనూ ఇంట్లోనే అయిపోయే పని. చవక సెట్టు చెడ్డగా మోగుతుంటే చాలామంది చెక్కను తప్పుపడతారు గానీ, నేను విప్పి చూసిన సెట్లలో ఎక్కువసార్లు కనిపించిన కారణాలు వేరు: ఏళ్ళ తరబడి మార్చని స్కిన్లు, ఒక్కో బోల్టూ ఒక్కో బిగువులో ఉన్న రిమ్ములు, ఎగుడుదిగుడైన చెక్క అంచులు. ఈ మూడింటినీ సరిచేసిన సాధారణ పోప్లర్ చెక్క సెట్టు, వీటిని పట్టించుకోకుండా వదిలేసిన ఖరీదైన మేపుల్ సెట్టు కంటే వినసొంపుగా మోగడం నేను స్వయంగా విన్నాను. ఎలక్ట్రానిక్ ప్యాడ్లకు వాటి ఉపయోగం వాటికి ఉన్నది. అయితే చేతికి వచ్చిన సెట్టును ఒకసారి సరిచేసి చూడకుండా అమ్మేయడం తొందరపాటు అవుతుంది.

పనిని సాయంత్రానికి ఒక డ్రమ్ము చొప్పున పెట్టుకోండి. అన్నీ ఒకేసారి విప్పితే ఏ బోల్టు దేనిదో తెలియక పని అటకెక్కుతుంది. విప్పే ముందు ఫోటో తీసి, ఒక్కో డ్రమ్ము బోల్టులూ వాషర్లూ ఒక్కో స్టీలు గిన్నెలో వేయండి. డ్రమ్ కీ సెట్టుతో రాకపోతే ముందు అది కొనండి. ఈ బోల్టుల తల దాదాపు 6 మిల్లీమీటర్ల చదరం గనుక పట్టకారుతో తిప్పితే మూలలు అరిగి, తర్వాత అసలు కీ కూడా జారిపోతుంది. ఒక బోల్టును పూర్తిగా విప్పి పక్కదానికి వెళ్ళకూడదు. ఎదురెదురు బోల్టులను సగం చుట్టు చొప్పున వదులు చేస్తూ పోవాలి, లేకపోతే ఒక పక్క బిగువుకు పలచటి రిమ్ము వంకర తిరుగుతుంది.

తుప్పును చూసి బెదరనవసరం లేదు. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను చిన్న ముద్దగా నలిపి, నీటిలో ముంచి, క్రోమ్ మీద గుండ్రంగా రుద్దండి. కాసేపటికి నల్లటి పేస్టులాంటిది వస్తుంది, దానిని గుడ్డతో తుడిచేస్తే కింద మెరుపు కనబడుతుంది. క్రోమ్ గుంటలు పడిపోయిన చోట మెరుపు తిరిగి రాదు, రాకపోయినా ధ్వనికి నష్టం లేదు. రుద్దిన తర్వాత బాగా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పలచగా పూయండి. బోల్టులను ఒక రాత్రి ఆ నూనెలోనే నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో మరల మధ్య మురికి తీసి, బిగించే ముందు ఒక్కో దానికి చిటికెడు వాసెలీన్ రాస్తే వర్షాకాలంలో కూడా బిగుసుకుపోవు.

పట్టని బోల్టు దగ్గర జాగ్రత్తగా ఉండండి. ముందు పక్క లగ్ (బోల్టు దిగడానికి డ్రమ్ము పక్కన బిగించిన లోహపు దిమ్మ) నుంచి మంచి బోల్టు తీసి ఆ రంధ్రంలో వేసి చూడండి. అది పట్టిందంటే బోల్టు మరలు అరిగాయి, పట్టలేదంటే లగ్ లోపలి నట్టు పాడయింది. డ్రమ్ము లోపలి వైపు నుంచి స్క్రూలు తీస్తే లగ్ ఊడి వస్తుంది, దానిలోంచి నట్టు, కొన్ని పాత రకాల్లో ఒక స్ప్రింగు, బయటపడతాయి. ఎక్కువ సెట్లలో వాడే మర 12-24 అనే అంగుళాల కొలత, అంటే దాదాపు 5.5 మిల్లీమీటర్ల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో తేలికగా దొరికేవి 5, 6 మిల్లీమీటర్ల బోల్టులు. మొదటిది ఊగుతుంది, రెండవది బలవంతం చేస్తే దూరుతున్నట్టే ఉంటుంది. నా మొదటి సెట్టుకు నేను ఆ రెండవ పనే చేశాను. నాలుగవ చుట్టుకు లగ్ నిలువునా పగిలింది, అటువంటి లగ్ కోసం ఎనిమిది నెలలు వెతికాను. మరో కొలత మరలు వాడే సెట్లూ ఉన్నాయి గనుక, అరిగిన నట్టునూ మంచి బోల్టునూ కలిపి జేబులో వేసుకుని దుకాణానికో లేత్ షాపుకో వెళ్ళి, సరిపోయేదే తెచ్చుకోండి.

ఇప్పుడు అసలైన పరీక్షకు వద్దాం. స్కిన్ తీసేసిన చెక్క గుండ్రాన్ని షెల్ అంటారు. స్కిన్ ఆనేది దాని సన్నటి అంచు మీద. ఆ అంచు అంతటా ఒకే ఎత్తులో ఉంటేనే స్కిన్ ఒకే శ్రుతి పలుకుతుంది. మీ ఇంట్లో వంటగది గట్టు గ్రానైట్‌ది అయితే అంతకు మించిన పరికరం అక్కర్లేదు. గట్టును శుభ్రంగా తుడిచి, రాత్రి దీపాలు ఆర్పి, షెల్‌ను అంచు కిందకు వచ్చేటట్టు దాని మీద బోర్లించి, లోపల ఫోన్ టార్చి వెలిగించి, పైన మందపాటి దుప్పటి కప్పండి. కళ్ళను గట్టు మట్టానికి దించి చుట్టూ చూడండి. వెలుతురు వెంట్రుక వాసి గీతలా కనిపిస్తే పరవాలేదు. పోస్టుకార్డు దూరేంత సందు ఒకచోట ఉంటే అక్కడే మీ టామ్ గొంతు చెడుతోందని అర్థం.

స్నేర్ డ్రమ్ము కింది అంచును పరీక్షించేటప్పుడు మాత్రం ఎదురెదురుగా రెండుచోట్ల వెలుతురు తప్పకుండా కనిపిస్తుంది. అది లోపం కాదు. తీగలు స్కిన్‌కు ఆనుకుని ఉండడానికి అంచును అక్కడ కావాలనే కొద్దిగా లోతు చేస్తారు. ఈ సంగతి తెలియక ఆ రెండు పల్లాలనూ చదును చేసేస్తే ఆ స్నేర్ ఇక ఎన్నటికీ స్ఫుటంగా పలకదు, కనుక ఈ ఒక్క అంచును ముట్టుకోకండి.

సరిచేయవలసిన అంచు ఉంటే, 150 నంబరు ఉప్పుకాగితాన్ని గట్టు మీద రెండువైపుల జిగురు టేపుతో అంటించండి. షెల్ అంచు శిఖరం చుట్టూ పెన్సిలుతో గీత గీసి, కాగితం మీద బోర్లించి, ఒత్తకుండా, షెల్ బరువుతోనే నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. పది చుట్లకొకసారి ఎత్తి చూస్తే ఎత్తుగా ఉన్నచోట గీత చెరిగి, పల్లంలో మిగిలి ఉంటుంది. గీత అంతటా చెరగగానే ఆపేయాలి. అంచు చదునై ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే వెడల్పుగా కనిపిస్తే 45 డిగ్రీల వాలును మళ్ళీ కోయవలసి ఉంటుంది, ఆ పని రౌటర్ మిషను ఉన్న వడ్రంగిదే తప్ప చేతి ఉలితో చేయదగినది కాదు. చివరికి మామూలు కొవ్వొత్తిని అంచు వెంట ఒకసారి రుద్దితే స్కిన్ జారుడుగా, సమంగా కూర్చుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవకండి.

లేచిన ఎర్ర పొరకు సన్‌మైకా అంటించే జిగురు చాలు. రెండు తలాలకూ పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరేవరకు పది పదిహేను నిమిషాలు ఆగి, మధ్య నుంచి అంచులకు ఒత్తుతూ అంటించి, పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి ఒక రోజు బిగించి ఉంచండి. పొర షెల్ అంచు దాటి పైకి రాకుండా చూసుకోండి, వస్తే స్కిన్ ఒరుసుకుంటుంది.

ఇక డబ్బు పెట్టే వరుస చెబుతాను. మొదట స్నేర్ పై స్కిన్, తెల్లటి పూత ఉన్నది, ఒకే పొరది. దానితోనే స్నేర్ తీగలు కూడా తీసుకోండి, 14 అంగుళాల డ్రమ్ముకు సాధారణంగా 20 తీగల పట్టీ సరిపోతుంది. స్నేర్ కింది స్కిన్ మార్చవలసి వస్తే కింది వైపు కోసమే చేసిన పలచటి పొరను పేరు పెట్టి అడగండి. వాయించే ఒంటి పొర స్కిన్ సుమారు 0.25 మిల్లీమీటర్ల మందం ఉంటే ఇది 0.08 దగ్గర ఉంటుంది. తెలియని దుకాణంలో రెండువైపులా ఒకే రకం ఇచ్చేస్తారు, అప్పుడు తీగలు ఎంత కొత్తవైనా మూగగానే ఉంటాయి. తరువాత పెద్ద డ్రమ్ము స్కిన్. తరువాత పెడల్. కాలిపలక పగిలి గానీ, ఇరుసు ఊగుతూ గానీ ఉంటే నూనె వేసి సరిపెట్టుకోకండి, ఎందుకంటే కాలు తన అలవాటును ఆ పెడల్ దగ్గరే నేర్చుకుంటుంది, పాడు పెడల్ నేర్పిన అలవాటును మాన్పించడానికి ఏళ్ళు పడుతుంది. స్ప్రింగు మాత్రమే సాగి ఉంటే స్ప్రింగు ఒక్కటే మార్చుకోవచ్చు. నాలుగవది, ఊగని స్టూలు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి సాధన చేయించవద్దు. తొడలు మోకాళ్ళ వైపు కొద్దిగా వాలి ఉండే ఎత్తు కావాలి. టామ్ల స్కిన్లు ఆఖరున. పై స్కిన్లు గుంటలు పడి ఉంటే మార్చండి, కిందివి చిరగకపోతే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ వేసుకోండి. ఈ వరుసలో డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ ఆపి, మిగిలినది పండుగలకు కొనుక్కోవచ్చు.

కొనే ముందు రిమ్ము తీసి, షెల్ బయటి వ్యాసాన్ని టేపుతో కొలిచి రాసుకోండి. సాధారణంగా అయిదు డ్రముల సెట్టులో 22 అంగుళాల బేస్ (పెద్ద డ్రమ్ము), 12, 13 టామ్లు, 16 ఫ్లోర్ టామ్ (నేల మీద నిలిపే పెద్ద టామ్), 14 స్నేర్ ఉంటాయి గానీ, బ్యాండు వారి సెట్లలో వేర్వేరు సెట్ల ముక్కలు కలిసి ఉండడం కద్దు.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. మా ప్రార్థన మందిరంలో ఉన్న పాత సెట్టుకు అన్నీ కొత్త స్కిన్లు వేయించాము. అయినా టామ్ కొడితే ధ్వని వంకరగా సాగుతోంది, టామ్ ముట్టుకుంటే చాలు స్నేర్ గిరగిరలాడుతోంది. అందరూ టేపు అంటించమంటున్నారు. శ్రుతి చేసే పద్ధతి ఏదైనా ఉన్నదా?

జవాబు: ఉన్నది, అది మీ ఊళ్ళో మృదంగమో డోలకో వాయించే పెద్దలకు చేతితో తెలిసిన పద్ధతే. మృదంగ విద్వాంసుడు కుడివైపు చుట్టూ వేలితో తట్టి వింటూ, స్వరం తగ్గిన చోట అంచు మీద రాయితో కొట్టి సమం చేస్తాడు. అక్కడ తోలు వార్లు చేసే పనిని ఇక్కడ బోల్టులు చేస్తాయి. వీలైతే అటువంటి వారిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, చెవి విషయంలో వారు మనకంటే ఎంతో ముందుంటారు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. తోలు గాలిలో తేమకు సాగి స్వరం దిగుతుంది. డ్రమ్ సెట్టుకు 1950ల చివరి నుంచి వాడుకలోకి వచ్చిన పాలిస్టర్ పొరకు ఆ బాధ దాదాపు లేదు. అందువల్ల ఒకసారి ఓపికగా సమం చేస్తే చాలా రోజులు నిలుస్తుంది.

స్కిన్ వేసి, రిమ్ము పెట్టి, బోల్టులన్నీ వేళ్ళతోనే ఆగేదాకా తిప్పండి. అప్పటి నుంచి కీతో ఒక్కోదానికి సగం చుట్టు, ఎప్పుడూ ఎదురు బోల్టుకే వెళ్ళాలి, పక్కదానికి కాదు. ముడతలు పోయాక అరచేతిని మధ్యలో పెట్టి ఒకసారి గట్టిగా అదమండి. చిటపటమని చప్పుడు వస్తే భయపడవద్దు, అది అంచు దగ్గరి జిగురు సర్దుకునే చప్పుడు. మళ్ళీ పావు చుట్టు చొప్పున బిగించండి. ఇప్పుడు మధ్యలో ఒక వేలు తేలికగా ఆనించి, ప్రతి బోల్టుకూ అంగుళం లోపల పుల్లతో మెల్లగా తట్టండి. ఆరు బోల్టుల టామ్ ఆరు స్వరాలు పలుకుతోందని అప్పుడు మీకే వినబడుతుంది. మీరు చెప్పిన వంకర సాగుడు అదే, ఆరు దగ్గరదగ్గర స్వరాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం. తక్కువగా పలికే దానిని ఎనిమిదో వంతు చుట్టు బిగిస్తే దాని ఎదురుది కూడా కొంచెం పెరుగుతుంది గనుక, వెంటనే ఎదురుదానిని కూడా విని చూసుకోవాలి. మొదటిసారి ఒక టామ్‌కు అరగంట పడుతుంది. కింది స్కిన్‌ను కూడా ఇలాగే సమం చేసి, పైదానితో సమానంగానో కాస్త ఎక్కువ శ్రుతిలోనో ఉంచండి. డ్రముల మధ్య ఎడం విషయంలో ఎవరి అభిరుచి వారిది. నేను ఫ్లోర్ టామ్‌ను షడ్జంగా అనుకుని మధ్య టామ్‌ను దాని మధ్యమం దగ్గర నిలుపుతాను, మూడిటినీ దొర్లించి వాయించినప్పుడు ఆ ఎడం నా చెవికి హాయిగా ఉంటుంది.

స్నేర్ గిరగిరకు మూడు చోట్ల వెతకండి. తీగల పట్టీ రెండు అంచులకూ సమదూరంలో, నిటారుగా ఉన్నదా చూడండి. టామ్, స్నేర్ ఒకే స్వరంలో ఉంటే ఒకటి మోగగానే రెండవది పలుకుతుంది, కనుక టామ్‌ను కొద్దిగా పైకో కిందకో జరపండి. పాత లగ్‌లలోని స్ప్రింగులు కూడా మోగుతాయి. వాటి చుట్టూ కాస్త దూది కుక్కితే ఆ సన్నటి చప్పుడు ఆగిపోతుంది. ఇన్ని చేశాక కూడా కొద్దిపాటి గిరగిర మిగులుతుంది, అది ఈ వాద్యానికి సహజం. టేపు అంటించడం తప్పు కాదు గానీ, శ్రుతి కుదిరిన తర్వాత ఆఖరి మెరుగుగా చిన్న ముక్క వేయాలి తప్ప శ్రుతికి బదులుగా కాదు.

ప్రశ్న: మాది వంశధార ఒడ్డున కాశీనగరం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వరదకు తడిసిన సెట్టు ఒకటి మా బంధువుల ఇంట్లో అప్పటి నుంచి అలాగే ఉంది. ఉచితంగా ఇస్తామంటున్నారు. పెద్ద డ్రమ్ము పొరలుగా విడిపోతోంది. రెండు సింబల్స్‌లో (పుల్లతో కొట్టే లోహపు పళ్ళాలు) ఒకదానికి అంచు నుంచి రెండు అంగుళాల పగులు ఉంది. వెల్డింగ్ చేయించవచ్చా? తీసుకోవచ్చా?

జవాబు: ఆ అక్టోబరు 11న గజపతి జిల్లా పడ్డ కష్టం తెలిసినవాడిని గనుక, ఆ ఇంట్లో ఆ సెట్టు మిగిలి ఉండడమే గొప్ప అనుకుంటున్నాను. తీసుకోండి, కానీ కొలిచి తీసుకోండి. ప్రతి షెల్ వ్యాసాన్నీ నాలుగు దిక్కుల్లో కొలిచి చూడండి. ఎక్కువ తక్కువల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఆ షెల్ గుండ్రదనం పోయింది, స్కిన్ ఒకచోట బిగుసుకుని ఒకచోట వదులవుతుంది. అన్నింటికంటే సులువైన పరీక్ష, స్కిన్‌ను షెల్ మీద పెట్టి చేతితో తిప్పడం. అది ఎక్కడా పట్టుకోకుండా తిరగాలి. పెద్ద డ్రమ్ము ఇటువంటి లోపాలను చాలావరకు సహిస్తుంది, స్నేర్ ఏమాత్రం సహించదు.

విడిపోయిన పొరలను ముందు నీడలో, గాలి ఆడే చోట వారాల తరబడి ఆరనివ్వండి, ఎండలో పెడితే మరింత మెలి తిరుగుతాయి. బూజు ఉంటే వెనిగర్ గుడ్డతో తుడవండి. మందుల షాపులో దొరికే సూదిలేని సిరంజితో చెక్క జిగురును పొరల మధ్యకు పంపి, లోపలా బయటా చెక్కముక్కలు పెట్టి బిగించి, కారిన జిగురును తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఒక రోజు కదపకండి.

సింబల్‌కు వెల్డింగ్ వద్దే వద్దు. మేలైన సింబల్స్ 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం కలిసిన కంచుతో చేస్తారు. భువనేశ్వర్ దగ్గర బాలకాటి కంచర్లు చేసే కంచాలది కూడా ఇంచుమించు ఇదే జాతి లోహం. కంచు కంచం కిందపడితే సొట్ట పడడానికి బదులు పగులుతుందని మన ఇళ్ళలో పెద్దలకు తెలుసు. సింబల్ గుణమూ అంతే. వెల్డింగ్ వేడికి ఆ లోహానికి సుత్తి దెబ్బలతో, కాల్చి చల్లార్చడంతో వచ్చిన గట్టిదనం పోయి, పక్కనే కొత్త పగులు మొదలవుతుంది. పగులు ఎక్కడ ఆగిందో భూతద్దంతో చూసి, సరిగ్గా ఆ కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయించండి. పగులు సాగడం చాలా కాలం ఆగుతుంది, సాధనకు ఆ సింబల్ పనికివస్తుంది. పసుపుపచ్చగా, పలచగా, కొడితే మూకుడు చప్పుడు వచ్చేది అయితే అది ఇత్తడిది, దాని మీద శ్రమ పెట్టనవసరం లేదు.

రెండవ సింబల్ నడిమి రంధ్రాన్ని కూడా చూడండి. స్టాండు ఇనుప కడ్డీకి ప్లాస్టిక్ తొడుగు పోతే కడ్డీ లోహాన్ని నేరుగా కోసేసి, రంధ్రం తాళంచెవి రంధ్రంలా సాగుతుంది. మేస్త్రీలు గోడ మట్టం చూసే లెవెల్ పైపు నుంచి అంగుళం ముక్క కోసి తొడిగితే సరిపోతుంది. పైన మర మరీ బిగించకండి, సింబల్ స్వేచ్ఛగా ఊగాలి. ఊగనివ్వని సింబలే అంచున పగులుతుంది.

ప్రశ్న: గుణుపురం నుంచి ఒక విద్యార్థిని. నాన్నగారు పాత డ్రమ్ సెట్టు బాగుచేయించి ఇచ్చారు. మా ఇంటి గోడ, పక్క మామ్మగారి ఇంటి గోడ ఒకటే. ఆవిడకు ఒంట్లో బాగుండదు. గదికి గుడ్ల అట్టలు అంటిస్తే చప్పుడు బయటకు పోదని అన్నయ్య అంటున్నాడు. నిజమేనా? సాధన మానుకోమంటారేమోనని భయంగా ఉంది.

జవాబు: సాధన మానుకోనవసరం లేదమ్మా. అయితే గుడ్ల అట్టలు మాత్రం కొనవద్దు. అవి గది లోపలి ప్రతిధ్వనిని కొంచెం తగ్గిస్తాయి, గోడ దాటే చప్పుడును ఆపవు. చప్పుడును ఆపేది బరువు, సందులేని మూత. కిటికీ తలుపుల సందులకు రబ్బరు పట్టీ అంటించి, ఉమ్మడి గోడకు పుస్తకాలు నిండిన బీరువాను జరిపితే అంతకంటే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. సెట్టును ఆ గోడకు దూరంగా, అవతలి మూలన పెట్టుకో.

చప్పుడును పుట్టిన చోటే తగ్గించడం అన్నింటికంటే మేలు. టామ్లకూ స్నేర్‌కూ రబ్బరు మ్యూట్ ప్యాడ్లు దొరుకుతాయి. వలలాంటి మెష్ స్కిన్లు వేస్తే చప్పుడు ఇంకా బాగా తగ్గుతుంది, పుల్ల తిరిగి లేచే తీరు మాత్రం కొంత మారుతుంది. ఏవీ కొనలేని పక్షంలో టామ్ల కింది స్కిన్లు తీసి లోపల పాత దుప్పట్లు వదులుగా నింపు. స్కిన్ మీద తువ్వాలు పరిచి వాయించడం మాత్రం అలవాటు చేసుకోవద్దు, పుల్ల లేవక మణికట్టు బలవంతంగా ఎత్తడం నేర్చుకుంటుంది. పెద్ద డ్రమ్ములో ఒక దిండు, రెండు స్కిన్లకూ కొద్దిగా ఆనేటట్టు పెట్టు. దాని దెబ్బ గాలిలో కంటే నేల ద్వారా ఎక్కువ పోతుంది. రెండు ప్లైవుడ్ పలకల మధ్య పాత టెన్నిస్ బంతులను గుంటల్లో అమర్చి, ఆ వేదిక మీద సెట్టు పెడితే మామ్మగారి మంచానికి చేరే అదురు బాగా తగ్గుతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. మామూలు డ్రమ్ సెట్టు వాయించేవారి చెవి దగ్గర 100 డెసిబెల్స్ తేలికగా దాటుతుంది. అందుకని ఇంకొక మాట, ఇది నీ గురించి. 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు 8 గంటలు చెవి భరించగలదని, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ వ్యవధి సగం చేసుకోవాలని నిపుణులు లెక్క కట్టారు. ఆ లెక్కన 100 దగ్గర 15 నిమిషాలే. దూది ఉండలు దాదాపు ఏమీ ఆపవు. నురగ ఇయర్ ప్లగ్గులు కొనుక్కుని, వేళ్ళతో సన్నగా నలిపి, చెవి పైభాగాన్ని మరో చేత్తో పైకి లాగి, లోపలికి పెట్టి, ఉబ్బి నిండేవరకు పట్టుకోవాలి. మొదటి రోజు నుంచే ఈ అలవాటు ఉండాలి, ఒకసారి తగ్గిన వినికిడిని ఏ వైద్యుడూ తిరిగి తేలేడు.

రోజులో ఎక్కువ భాగం సాధన చిన్న రబ్బరు ప్యాడ్ మీద చేయి. దానికి ఏ గోడా అడ్డు కాదు. కుడి ఎడమ చేతుల సమానత్వం, వేగం అక్కడే వస్తాయి. తర్వాత పెద్ద సెట్టు దగ్గర పావుగంట, అదీ మామ్మగారు నిద్రపోని వేళ. ఆవిడ ఎప్పుడు పడుకుంటారో నువ్వే వెళ్ళి అడుగు. అడిగి వాయించే పావుగంటను ఆవిడ ఓర్చుకుంటారు, ఒకవేళ ఆ రోజు ఆవిడకు బాగా లేదంటే ప్యాడ్ ఎలాగూ ఉంది.